పార్కు బోర్డు మీద పేరు ఎవరిది? – ఆస్ట్రేలియా సేవా క్లబ్బుల కథ



వారాంతంలో స్క్రూలకో సిలికాన్‌కో బన్నింగ్స్‌కు వెళ్ళని వాళ్ళు మనలో తక్కువ. గేటు దగ్గర టెంటు, టెంటు కింద పెద్ద పెనం, దాని మీద సాసేజీలు, ఉల్లిపాయలు. ఏప్రాన్ కట్టుకున్న ఒక పెద్దాయన, పక్కనే డబ్బులు తీసుకునే ఒక పెద్దావిడ. అది బన్నింగ్స్ వాళ్ళ కొట్టే అనుకుంటారు మనలో చాలామంది. కాదు. ప్రతి వారం ఏదో ఒక స్థానిక సంఘానికి ఆ చోటు ఇస్తారు. ఒక వారం లయన్స్ క్లబ్బు, ఒక వారం రోటరీ, ఇంకో వారం ఏదో స్కూలు వాళ్ళు. వచ్చిన డబ్బు ఆ సంఘం చేసే పనులకే పోతుంది.

అలాగే చిన్న ఊళ్ళ మీదుగా పనికి వెళ్తుంటే 'ఏపెక్స్ పార్క్', 'లయన్స్ పార్క్', 'రోటరీ పార్క్' అని బోర్డులు కనిపిస్తాయి. మనం అక్కడ కారు ఆపుకుని, పులిహోర డబ్బా తెరిచి, చెట్టుకింద బల్ల మీద తిని, నీళ్ళు పట్టుకుని వెళ్ళిపోతాం. ఆ బల్ల ఎవరు వేశారు, ఆ కుళాయి ఎవరు పెట్టించారు అని అడగం.

నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదు. డిప్లొమా చేసి, సైట్లో సూపర్‌వైజర్‌గా పనిచేస్తున్నవాణ్ణి. అయినా ఈ సంచికకి ఈ విషయమే రాస్తానని ఎందుకు అన్నానంటే, మన సంక్షేమ వేదిక ఇవాళ ఎక్కడ నిలబడి ఉందో ఈ క్లబ్బులన్నీ ఒకప్పుడు సరిగ్గా అక్కడే నిలబడ్డాయి. అక్కడినుంచి అవి ఎటు నడిచాయో తెలిస్తే మనకి పనికొస్తుంది.

రాళ్ళు కొట్టిన వాళ్ళ సంఘాలు

ముందు మన పనివాళ్ళ సంగతి చెప్పుకుందాం. మెల్‌బోర్న్‌లో ట్రేడ్స్ హాల్ ఎదురుగా మూడు ఎనిమిదులు ఉన్న స్తంభం ఒకటుంది. ఎనిమిది గంటల పని, ఎనిమిది గంటల విశ్రాంతి, ఎనిమిది గంటలు మన సొంతం అని దాని అర్థం. 1856 ఏప్రిల్ 21న మెల్‌బోర్న్ యూనివర్సిటీ భవనం కడుతున్న రాతిపనివాళ్ళు సుత్తులు కింద పెట్టి పార్లమెంటు భవనం దాకా ఊరేగింపుగా నడిచారు. జీతం తగ్గకుండా ఎనిమిది గంటల పనిని సాధించుకున్నారు. వాళ్ళలో చాలామంది ఇంగ్లండు, స్కాట్లండుల నుంచి ఓడెక్కి వచ్చిన వలస కూలీలే.

ఆ రోజుల్లో మెడికేర్ లేదు. ఇప్పటి మెడికేర్ మొదలైంది 1984లో. పరంజా మీదనుంచి పడి కాలు విరిగితే ఇంట్లో పొయ్యి వెలగదు. అందుకని పనివాళ్ళు 'ఫ్రెండ్లీ సొసైటీ'లు పెట్టుకున్నారు. ఆడ్‌ఫెలోస్ లాంటివి వాటిలో పెద్దవి. వారం వారం కొంత చందా కట్టాలి. జబ్బు చేస్తే కొన్నాళ్ళు భత్యం ఇస్తారు. డాక్టరుకి సొసైటీయే డబ్బు కడుతుంది. చనిపోతే అంత్యక్రియల ఖర్చు ఇస్తుంది.

ఇది చదివినప్పుడు నాకు మన వాట్సాప్ గ్రూపులే గుర్తొచ్చాయి. మన కుర్రాడు ఒకడు రోడ్డు ప్రమాదంలోనో పనిలోనో పోతే మెసేజ్ వస్తుంది. తెలిసినవాళ్ళు, తెలియనివాళ్ళు అందరూ వేస్తారు. నాలుగు రోజుల్లో శవాన్ని ఊరికి పంపే డబ్బు పోగవుతుంది. మన మనసులో లోటు లేదు. కానీ తేడా ఒకటుంది. వాళ్ళు ముందే కట్టుకునేవాళ్ళు, మనం తర్వాత ఎత్తుతున్నాం. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం మనకి అలవాటైపోయింది.

ఒంటరివాడు పెట్టిన క్లబ్బు

ఇప్పుడు మనం 'సేవా క్లబ్బు' అని పిలిచే పద్ధతి పుట్టింది అమెరికాలో, షికాగో నగరంలో. పాల్ హారిస్ అనే లాయరు వెర్మాంట్ రాష్ట్రంలోని ఒక పల్లెటూళ్ళో తాత, నాయనమ్మల దగ్గర పెరిగాడు. బతుకుతెరువుకి షికాగో చేరాడు. పని ఉంది, మనుషులు లేరు. ఆదివారం వస్తే ఎక్కడికి వెళ్ళాలో తెలిసేది కాదు. తాను పడ్డ ఆ ఒంటరితనం గురించి తర్వాత ఆయనే రాసుకున్నాడు. షేర్ హౌసులో ఆదివారం సాయంత్రం గడిపిన మనవాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పక్కర్లేదు.

1905 ఫిబ్రవరి 23న ఆయన ఇంకో ముగ్గురితో కూర్చున్నాడు. ఒకాయన బొగ్గు వ్యాపారి, ఒకాయన గనుల ఇంజనీరు, ఒకాయన బట్టల దర్జీ. వారానికి ఒకరి ఆఫీసులో, వంతుల వారీగా కలుద్దామనుకున్నారు. అలా వంతులు తిరుగుతుంది కాబట్టి దానికి 'రోటరీ' అని పేరు వచ్చింది. ఒక వృత్తికి ఒక్కరినే చేర్చుకునేవారు. ఎందుకు? ఒకరి వ్యాపారం ఒకరికి ఇప్పించుకోవడానికి. దాపరికం ఎందుకు, మొదట్లో అది సేవా క్లబ్బు కాదు. నీ సూటు నా దగ్గర కుట్టించుకో, నా బొగ్గు నువ్వు కొను, అంతే.

1906లో డొనాల్డ్ కార్టర్ అనే లాయరుని చేరమని పిలిచారు. ఆయన చేరనన్నాడు. సభ్యులు ఒకరికొకరు మేలు చేసుకోవడం తప్ప ఊరికి ఏమీ చేయని సంఘం ఎన్నాళ్ళు నిలుస్తుంది అన్నది ఆయన అభ్యంతరం. క్లబ్బువాళ్ళు కోపం తెచ్చుకోలేదు. అయితే నువ్వే వచ్చి ఆ మార్పు చెయ్యమన్నారు. ఆయన చేరాడు.

ఆ తర్వాత ఆ క్లబ్బు ఊరికోసం తలపెట్టిన మొదటి పని ఏమిటో తెలుసా? సిటీ హాలు దగ్గర పబ్లిక్ టాయిలెట్. విగ్రహం కాదు, సభాభవనం కాదు. పొద్దంతా బజార్లో తిరిగే మనిషికి ఏది అవసరమో అది. టాయిలెట్ లేని సైట్లో పనిచేసినవాడికి ఆ పని విలువ తెలుస్తుంది.

పడమటి ఓడలో వచ్చిన పద్ధతి

1921లో కెనడా నుంచి ఇద్దరు రోటరీ ప్రతినిధులు, లేటన్ రాల్‌స్టన్, జేమ్స్ డేవిడ్‌సన్, ఓడ దిగారు. ఆ ఏప్రిల్‌లో మెల్‌బోర్న్‌లో, తర్వాత మే నెలలో సిడ్నీలో క్లబ్బులు మొదలయ్యాయి. మరుసటి ఏడాది, 1922లో, సిడ్నీలో పల్లెటూరి ఆడవాళ్ళు 'కంట్రీ ఉమెన్స్ అసోసియేషన్' పెట్టుకున్నారు. దూరంగా విసిరేసినట్టున్న పొలాల్లో పురుడు పోసే దిక్కులేక, పసిబిడ్డకి జ్వరమొస్తే చూపించే చోటు లేక పడ్డ బాధల్లోంచి అది పుట్టింది.

అదే కాలంలో పుట్టిన 'లెగసీ' గురించి మనం కొంచెం ఆగి చెప్పుకోవాలి. మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులకి హోబార్ట్‌లో జనరల్ జాన్ గెలిబ్రాండ్ 1922లో ఒక క్లబ్బు పెట్టించాడు. 1923లో మెల్‌బోర్న్‌లో లెగసీ క్లబ్బు మొదలైంది. ఇదీ మొదట తమకోసం పెట్టుకున్నదే. ఉద్యోగాలు, వ్యాపారాలు పోగొట్టుకున్న మాజీ సైనికులు ఒకరికొకరు నిలబడటానికి. 1925లో ఫ్రాంక్ సెలెక్ అనే సభ్యుడు లేచి వేరే మాట ఎత్తాడు. మనం తిరిగొచ్చాం సరే, రాని వాళ్ళ పిల్లల సంగతేమిటి అన్నది ఆ మాట సారాంశం. అక్కడినుంచి లెగసీ దారి మారిపోయింది. చనిపోయిన తోటి సైనికుడి భార్య, పిల్లల బాధ్యత సభ్యులు తలకెత్తుకున్నారు. ఒకసారి చందా ఇచ్చి ఊరుకోవడం కాదు. ఆ పిల్లవాడి చదువు ఎలా సాగుతోంది, ఆవిడకి రావాల్సిన పింఛను వస్తోందా లేదా అని ఏళ్ళ తరబడి చూసుకున్నారు. వందేళ్ళు దాటినా లెగసీ ఇంకా నడుస్తోంది. ఆ సెలెక్ తర్వాత మెల్‌బోర్న్ మేయరయ్యాడు. 1956 ఒలింపిక్స్ నాటికి ఆయనే మేయరు.

ఇక ఏపెక్స్. అది ఈ నేలమీద పుట్టిన క్లబ్బు. 1930-31లో, మెల్‌బోర్న్ దగ్గర జీలాంగ్‌లో. పెట్టింది ముగ్గురు కుర్ర ఆర్కిటెక్టులు: ఎవెన్ లేయర్డ్, లాంగమ్ ప్రౌడ్, జాన్ బ్యూకన్. పెద్దవాళ్ళ క్లబ్బుల్లో కుర్రవాళ్ళకి చోటు దొరకని రోజులవి. చోటివ్వకపోతే మనమే పెట్టుకుందాం అనుకున్నారు. నలభై ఏళ్ళు వస్తే బయటికి వెళ్ళిపోవాలని నియమం పెట్టుకున్నారు, కుర్చీకి ఎవరూ అతుక్కోకుండా. అది ఆర్థిక మాంద్యం నడుస్తున్న కాలం. 1932 నాటికి దేశంలో పదిమంది పనివాళ్ళలో దాదాపు ముగ్గురికి పని లేదు. అలాంటి కాలంలో మొదలై ఊరూరా పాకింది. మనం పులిహోర తిన్న ఏపెక్స్ పార్కులు అలా వచ్చినవే.

లయన్స్ క్లబ్బుది కూడా షికాగో పుట్టుకే, 1917లో మెల్విన్ జోన్స్ అనే ఇన్సూరెన్స్ ఏజెంటు చొరవతో. ఆస్ట్రేలియాలో మొదటిది 1947లో న్యూ సౌత్ వేల్స్‌లోని లిస్మోర్‌లో, బిల్ ట్రెసైస్ పూనికతో మొదలైంది. చూపులేనివాళ్ళకి అండగా నిలబడమని 1925లో హెలెన్ కెల్లర్ లయన్స్ మహాసభలో అడిగింది. అందుకే మన ఊళ్ళల్లో లయన్స్ అనగానే కంటి శిబిరం గుర్తొస్తుంది. మన దేశంలో లయన్స్ 1956లో బొంబాయిలో మొదలై మన జిల్లాలదాకా వచ్చింది. స్కూలు వరండాలో వరసగా కూర్చున్న ముసలివాళ్ళు, కంటికి కట్టిన పచ్చగుడ్డ, బస్టాండు దగ్గర ఎండాకాలం చలివేంద్రం, మనం చూసి పెరిగినవే. ఇక్కడ అదే క్లబ్బు 1965 నుంచి క్రిస్మస్ కేకులు అమ్మి డబ్బు కూడబెడుతోంది. మనకి చలివేంద్రం, వాళ్ళకి కేకు, వాడుక వేరు గానీ పని ఒకటే.

నాంబర్ నుంచి మన అంగన్‌వాడీ దాకా

ఈ కథలో మన ఇంటిదాకా వచ్చిన భాగం ఇది. క్వీన్స్‌లాండ్‌లో నాంబర్ అని ఒక ఊరుంది. చుట్టూ చెరుకు పండించిన ఊరు. మన ఉయ్యూరో, తణుకో అనుకోండి. అక్కడ క్లెమ్ రెనూఫ్ అనే అకౌంటెంటు ఉండేవాడు. 1949లో ఊరి రోటరీ క్లబ్బులో చేరాడు. 1978-79లో ప్రపంచ రోటరీకి అధ్యక్షుడయ్యాడు. మశూచిని ప్రపంచంలో లేకుండా చేసిన సంగతి ఒక పత్రికలో చదివి, ఇలాంటిదే మనం చేయగలిగిన జబ్బు ఇంకేమైనా ఉందా అని జాన్ సెవర్ అనే అమెరికన్ డాక్టరుని అడిగాడు. పోలియో అని జవాబు వచ్చింది.

1979 సెప్టెంబరులో ఫిలిప్పీన్స్‌లో మొదలుపెట్టారు. సుమారు 60 లక్షల మంది పిల్లలకి చుక్కల మందు వేయాలని లక్ష్యం. 1985లో రోటరీ దాన్ని ప్రపంచమంతటి పనిగా తీసుకుంది. 1988లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ లాంటి సంస్థలూ కలిసి పోలియో నిర్మూలన ఉద్యమం ప్రకటించాయి. అప్పటికి ఏటా మూడున్నర లక్షల మంది పిల్లలు పోలియోతో కుంటివాళ్ళవుతున్నారు. మన దేశంలో పల్స్ పోలియో 1995 డిసెంబరు నుంచి దేశమంతటా మొదలైంది. ఆదివారం పొద్దున్నే అంగన్‌వాడీ దగ్గర టేబులు, ఐసు డబ్బా, పసివాడి నోట్లో రెండు చుక్కలు, చిటికెన వేలికి సిరా గుర్తు. మన తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి, ఆ తర్వాత మన పిల్లలకి వేయించాం.

2009లో కూడా భారతదేశంలో 741 కేసులు వచ్చాయి. చివరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్‌లో. 2014 మార్చి 27న మన దేశానికి పోలియో లేదని ధ్రువీకరణ వచ్చింది. మన ఆశా వర్కర్లు, నర్సులు, ప్రభుత్వ సిబ్బంది గడపగడపకీ తిరిగితేనే అది జరిగింది, ఆ ఘనత వాళ్ళదే. కానీ మొదటి అడుగుల్లో ఒకటి, నాంబర్ లాంటి చిన్న ఊరి క్లబ్బు నుంచి వెళ్ళిన మనిషిది. రెనూఫ్ 2020లో, తొంభై తొమ్మిదో ఏట చనిపోయాడు.

తలుపులు ఎప్పుడు తెరుచుకున్నాయి?

మంచి మాత్రమే చెప్తే అది చరిత్ర కాదు. మెల్‌బోర్న్‌లో రోటరీ మొదలైన 1921లో మనలాంటి వాళ్ళు ఈ దేశంలో అడుగుపెట్టడమే కష్టం. 1901 వలస చట్టం రంగున్న వాళ్ళని ఆపడానికే రాసింది. ఏదో ఒక యూరప్ భాషలో డిక్టేషన్ పరీక్ష పెట్టి ఫెయిల్ చేసేవారు. ఆ పరీక్ష 1958లో పోయింది, శ్వేత ఆస్ట్రేలియా విధానం 1973కి పూర్తిగా ముగిసింది. కాబట్టి ఆ పాత క్లబ్బు ఫోటోల్లో మన ముఖాలు లేకపోవడం వింత కాదు.

ఆడవాళ్ళకి కూడా తలుపు మూసే ఉంది. కాలిఫోర్నియాలో డ్వార్టే అనే ఊరి రోటరీ క్లబ్బు 1977లో ముగ్గురు స్త్రీలని చేర్చుకుంటే ఆ క్లబ్బునే బయటికి నెట్టారు. వాళ్ళు కోర్టుకెక్కారు. 1987 మే 4న అమెరికా సుప్రీంకోర్టు వాళ్ళ వైపు తీర్పు ఇచ్చింది. లయన్స్ అదే ఏడాది, రోటరీ 1989లో ప్రపంచమంతటా నియమం మార్చాయి. పనివాళ్ళ సంగతి ఎక్కడా రాసి పెట్టలేదు గానీ, మధ్యాహ్నం హోటల్లో భోంచేసుకుంటూ జరిగే సమావేశానికి బూట్లకి సిమెంటు అంటిన మనిషి ఎలా వెళ్తాడు?

ఇప్పుడు పరిస్థితి తిరగబడింది. చాలా ఊళ్ళల్లో ఈ క్లబ్బుల సభ్యుల తల నెరిసింది. కొన్ని క్లబ్బులు మూతపడ్డాయి, కొన్ని పక్క ఊరి క్లబ్బుతో కలిసిపోయాయి. కొత్త మనిషి వస్తే కుర్చీ చూపించి టీ ఇస్తారు. పెనం ముందు నిలబడ్డ ఆ పెద్దాయనకి తర్వాత ఎవరు నిలబడతారన్నది వాళ్ళ బెంగ.

మన వేదిక ముందున్న ప్రశ్న

ఈ క్లబ్బులన్నిటి కథలో ఒక పోలిక కనిపిస్తుంది. చాలా క్లబ్బులు ముందు తమకోసమే పుట్టాయి. అందులో తప్పేమీ లేదు. ఆ తర్వాత ఎవరో ఒకరు లేచి ఒక ప్రశ్న అడిగారు. కార్టర్ 'ఊరి సంగతేమిటి' అన్నాడు. సెలెక్ 'పోయినవాడి పిల్లల సంగతేమిటి' అన్నాడు. రెనూఫ్ 'ప్రపంచం సంగతేమిటి' అన్నాడు. ఆ ప్రశ్నకి జవాబు చెప్పిన క్లబ్బు నిలబడింది.

మన వేదిక ఇప్పటిదాకా అగ్నిమాపక దళంలా పనిచేసింది. గంట మోగితే పరిగెత్తాం. బాగానే పరిగెత్తాం. కానీ శవపేటిక విమానం ఎక్కాక మనం ఏం చేస్తున్నాం? ఊళ్ళో ఆ అమ్మాయికి ఆర్నెల్ల తర్వాత ఎవరైనా ఫోన్ చేశారా? ఇన్సూరెన్సు, సూపర్ డబ్బు తీసుకోవడానికి ఏ కాగితాలు కావాలో ఆవిడకి ఎవరు చెప్పారు? పిల్లవాడు బడి మానేశాడా, వెళ్తున్నాడా? సెలెక్ 1925లో ఎత్తిన మాట ఇదే. అది ఇప్పుడు మన గుమ్మంలో నిలబడి ఉంది.

అందుకు పెద్ద నిధులు అక్కర్లేదు. ఈ క్లబ్బులు వందేళ్ళు నడిచింది ధనవంతుల విరాళాల వల్ల కంటే, చిన్న చిన్న అలవాట్ల వల్ల. మన సైటు భాషలో చెప్తాను. రోజూ పొద్దున్న ప్రీ-స్టార్ట్ మీటింగ్ పెట్టుకుంటాం కదా. పది నిమిషాలే. కానీ రోజూ పెట్టుకుంటాం కాబట్టే మనుషులు సాయంత్రం ఇంటికి క్షేమంగా వెళ్తున్నారు. క్లబ్బు కూడా అంతే. నెలలో ఒకటే రోజు, ఒకటే చోటు, వర్షమొచ్చినా మారదు. అందరూ కట్టగలిగినంత చందా, ఆపద వచ్చాక కాదు, ముందే. జమా ఖర్చులు కాగితం మీద, అందరికీ కనపడేలా. రోటరీలో ఏటా జులై 1న అధ్యక్షుడు మారతాడు. మనం కూడా ఏడాదికొకరిని మారుద్దాం, అప్పుడు ఇది నా సంఘం, నీ సంఘం అన్న గొడవ ఉండదు. పోయినవాడి ప్రతి కుటుంబానికీ మనలో ఒకరి పేరు రాసి పెట్టుకుందాం. మూడు నెలలకొకసారి ఫోన్ చేసే పని ఆ మనిషిది.

బతికున్నవాళ్ళ సంగతి కూడా. పాల్ హారిస్ ఒంటరితనం మన షేర్ హౌసుల్లో ఇవాళా ఉంది. మన నిర్మాణ రంగంలో ఆత్మహత్యలు ఎక్కువవడం చూసే 2008లో క్వీన్స్‌లాండ్‌లో 'మేట్స్ ఇన్ కన్‌స్ట్రక్షన్' మొదలుపెట్టారు. చాలా సైట్లలో వాళ్ళ స్టిక్కర్ ఉన్న హెల్మెట్లు చూసే ఉంటారు. తోటివాడు పక్కన కూర్చుని 'ఏంట్రా, అలా ఉన్నావ్' అని అడగడమే అందులో మొదటి మందు. నెలకోసారి కలిస్తే, రానివాడు ఎందుకు రాలేదో అడిగేవాడు ఒకడు ఉంటాడు.

ఇక బయటి పని. 2019-20 కార్చిచ్చు అప్పుడు సిక్ వాలంటీర్స్ ఆస్ట్రేలియా వాళ్ళు విక్టోరియాలోని బైర్న్స్‌డేల్‌కి వంట వ్యాను తోలుకెళ్ళి ఇల్లు వదిలొచ్చిన వాళ్ళకి అన్నం పెట్టారు. ఆ వ్యాను దేశమంతటికీ తెలిసింది. మన దగ్గర వ్యాను లేదు. కానీ వడ్రంగులున్నారు, టైల్స్ వేసేవాళ్ళున్నారు, పెయింటర్లున్నారు, కాంక్రీటు పోసేవాళ్ళున్నారు. ఊరి హాలుకి వీల్‌చైర్ ర్యాంపు కావాలని ఏ క్లబ్బు ముసలాయనో ఏళ్ళుగా చెప్తూనే ఉండి ఉంటాడు. అనుమతులు, ఇన్సూరెన్సు సంగతి వాళ్ళు చూసుకుంటారు, పని మనం చేద్దాం. ఏడాదికి ఒక్క పని చాలు. ఉడుత కూడా వారధికి ఇసుక మోసిందని చిన్నప్పటినుంచీ వింటున్నాం, మన చేతుల్లో ఇసుకతోబాటు సిమెంటు కూడా ఉంది.

వచ్చే సర్వసభ్య సమావేశంలో నేను మూడు ప్రతిపాదనలు పెడుతున్నాను. నెలవారీ చందా, కుటుంబానికొక బాధ్యుడు, ఏడాదికొక ఊరి పని. అన్నలూ, తమ్ముళ్ళూ, అక్కలూ, ఒప్పుకోండి, కాదనండి, సవరణలు చెప్పండి, ఏదైనా సరే వచ్చి చెప్పండి. కార్టర్ చేరనన్నప్పుడు ఆ క్లబ్బువాళ్ళు చేసింది అదే, కాదన్నవాడికే కుర్చీ వేశారు.